రిఫరెన్సుల నిర్వహణ – 4వ పాఠం: మూలం తెరిచి చూడటం

గత పాఠంలో జొటేరోలో (రిఫరెన్సులను దాచి, అమర్చే సాఫ్ట్‌వేర్) పరిశోధన పేపర్లు చేర్చడం, వాంకూవర్ పద్ధతిలో (మూలాలను వరుస నంబర్లతో చూపే పద్ధతి) నంబర్లు ఇవ్వడం నేర్చుకున్నాం. నంబర్ల వరుస, కామాల సంగతి ఇక సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. కానీ మీ వాక్యానికి ఆ పేపర్ నిజంగా ఆధారమవుతుందా అన్నది దానికి తెలియదు. అది మనమే చూడాలి.

1980లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక్క పేరా ఉత్తరం అచ్చయింది. ఆసుపత్రిలో నార్కోటిక్ (మత్తు కలిగించే నొప్పి నివారణ) మందులు తీసుకున్న 11,882 మంది రికార్డుల్లో, పాత వ్యసనం లేనివారిలో నలుగురు మాత్రమే వాటికి అలవాటుపడినట్టు తేలిందని అందులో ఉంది. ఇంటికెళ్లాక నెలల తరబడి ఈ మందులు వాడేవాళ్ల ప్రస్తావనే లేదు. 2017లో అదే జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ ఈ ఉత్తరాన్ని సైట్ చేసిన (మూలంగా పేర్కొన్న) 608 చోట్లను పరిశీలించింది. 439 చోట్ల వ్యసనం అరుదనడానికి దీన్నే ఆధారంగా చూపారు. వాళ్లు ఆసుపత్రిలో ఉన్న రోగులన్న మాట 491 చోట్ల లేనే లేదు! ఇలాంటి సైటేషన్ల ప్రభావం చివరికి రోగికి రాసే మందుల చీటీ దాకా వెళ్తుంది. అందుకే దీన్ని చిన్న విషయంగా చూడలేం.

కాబట్టి సైట్ చేసే ముందు పూర్తి పేపర్ తెరవండి, అబ్‌స్ట్రాక్ట్‌తో (పేపర్ మొదట్లోని సారాంశం) ఆగొద్దు. రోగులు ఎవరు, మందు ఎంతకాలం ఇచ్చారు, ఏం కొలిచారు అన్నవి చూసి, జొటేరో నోట్‌లో సొంత మాటల్లో రెండు లైన్లు రాసుకోండి. రివ్యూలో (పాత అధ్యయనాలను సమీక్షించే పేపర్) కనబడిన అంకె కావాలంటే, ఆ రివ్యూ చూపిన అసలు అధ్యయనం దాకా వెళ్లండి. అది దొరక్కపోతే, చదివిన రివ్యూనే సైట్ చేయండి. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సయితే ముందు ఆ పేపర్ అసలు ఉందో లేదో డీఓఐతో (పేపర్‌ను గుర్తించే శాశ్వత ఐడీ) తేల్చుకోండి.

తర్వాత రిట్రాక్షన్, అంటే అచ్చయిన పేపర్‌ను జర్నల్ ఉపసంహరించుకోవడం. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ జర్నల్ 2010లో ఉపసంహరించుకుంది. ఇలాంటివి మీ లైబ్రరీలో ఉంటే జొటేరో హెచ్చరిస్తుంది, పబ్‌మెడ్ (వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక) పేజీలోనూ ఆ హెచ్చరిక కనిపిస్తుంది. సబ్మిట్ చేసే రోజు మరోసారి చూడండి. అలాంటి పేపర్ గురించి రాయాల్సి వస్తే, రిట్రాక్ట్ అయిందని వాక్యంలోనే చెప్పండి.

అభ్యాసం: మీ డ్రాఫ్ట్ ఇంట్రడక్షన్‌లో ఒక పేరా తీసుకోండి. ప్రతి నంబర్‌కూ మూలం తెరిచి, మీ వాక్యాన్ని బలపరిచే చోటు గుర్తించండి. దొరకని చోట వాక్యాన్నైనా మార్చండి, రిఫరెన్స్‌నైనా తీసేయండి. ప్రీప్రింట్లు (నిపుణుల సమీక్షకు ముందే బయటపెట్టిన పేపర్లు), ప్రభుత్వ నివేదికల సంగతి 5వ పాఠంలో.