అడవి గులాబీ మొలకల్లో సంకరాలను గుర్తుపట్టడం ఎలా?

ఒకే పొద కాయల నుంచి తీసిన గింజలు మొలిపిస్తే, వాటిలో ఒకటో రెండో మొక్కలు తేడాగా కనిపించడం మామూలే. అంతమాత్రాన సంకరం, అంటే రెండు జాతులు కలిసి పుట్టిన మొక్క, అనేయకండి. అడవి గులాబీల్లో ఒకే జాతిలోనే బోలెడు వైవిధ్యం ఉంటుంది. తల్లికి లేకుండా, పక్కన పూసే మరో జాతికి మాత్రమే ఉన్న లక్షణం మొలకలో కనిపిస్తేనే అనుమానించాలి.

అమెరికా తూర్పు రాష్ట్రాల సంగతే చూద్దాం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో ఉండే మనవాళ్లు రోడ్ల పక్కన గుత్తులుగా తెల్లపూలు పూసే ముళ్లపొదను చూసే ఉంటారు. అది రోసా మల్టీఫ్లోరా. తూర్పు ఆసియా మొక్క. 1930లలో నేల కోతను ఆపుతుందని అక్కడి ప్రభుత్వమే ప్రోత్సహించి నాటించింది, ఇప్పుడు వదలని కలుపైంది. స్థానిక జాతుల్లో మెరక నేలలో రోసా కరోలినా, చిత్తడిలో రోసా పాలుస్ట్రిస్ పెరుగుతాయి.

1. కాయలు కోసేటప్పుడే తల్లి పొద ఫొటో తీయండి. చుట్టుపక్కల ఏ గులాబీలున్నాయో, ఏవి ఒకే సమయంలో పూస్తాయో రాసుకోండి. ఒక్కో పొద కాయలు ఒక్కో కవర్లో వేయండి. ఈ వివరాలు లేకపోతే తర్వాత చేసేదంతా ఊహే.

2. గింజల్ని తడి ఇసుకలో కలిపి మూడు నాలుగు నెలలు ఫ్రిజ్‌లో ఉంచి విత్తండి. కొన్ని రెండో చలికాలం దాటాక గానీ మొలవవు, కుండీలు పారేయొద్దు.

3. మొదటి ఆకుల్ని నమ్మొద్దు. లేత మొక్క ఆకులో తరచుగా మూడు పత్రకాలే (ఒకే ఆకు కాడకు ఉండే చిన్న ఆకులు) ఉంటాయి. మొదలు నుంచి బలమైన కొమ్మలు వచ్చేదాకా ఆగండి.

4. ఇప్పుడు ఆకు కాడ మొదట్లో రెండు వైపులా అతుక్కుని ఉండే సన్నటి రెక్కల్ని, అంటే పత్రపుచ్ఛాల్ని, పది రెట్ల భూతద్దంతో వెలుతురుకెదురుగా పట్టి చూడండి. మల్టీఫ్లోరాలో వీటి అంచు దువ్వెన పళ్లలా లోతుగా చీలి ఉంటుంది. కరోలినాలో అలా చీలదు. కరోలినా గింజ నుంచి వచ్చిన మొక్కకు ఆ చీలికలుంటే అది గట్టి ఆధారమే. అయితే గింజలు కలగాపులగం కాలేదని ముందు తేల్చుకోండి.

5. ముళ్లు చూడండి. కరోలినావి సన్నగా, సూదుల్లా, తిన్నగా ఉంటాయి. పాలుస్ట్రిస్‌వి మొదట్లో లావుగా, కిందికి వంగి, ఆకు కింద జంటగా వస్తాయి. పాలుస్ట్రిస్ పత్రకాల అంచు రంపం కూడా బాగా సన్నం.

6. పూత రావడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. పువ్వు మధ్యలో కీలాలు, అంటే అండాశయం మీది సన్నటి కాడలు, కలిసిపోయి చిన్న స్తంభంలా పైకి పొడుచుకొస్తే మల్టీఫ్లోరా వైపు, విడివిడిగా ఉండి కీలాగ్రాలు, అంటే వాటి కొనలు, గుండ్రటి దిండులా కూర్చుంటే కరోలినా వైపు.

7. మైక్రోస్కోపు దొరికితే పుప్పొడికి అసిటోకార్మిన్ రంగు వేయండి. మంచి రేణువులు ఉబ్బి ఎర్రబడతాయి, చెడ్డవి ముడుచుకుని పాలిపోయి ఉంటాయి. కరోలినాకు 28 క్రోమోజోములు, పాలుస్ట్రిస్‌కు 14. రెండూ కలిస్తే చెరి సగం చొప్పున (14 + 7) మామూలుగా 21 వస్తాయి, అలాంటి మొక్క పుప్పొడిలో చాలా వంతు చెడిపోయే ఉంటుంది.

యూరప్ నుంచి వచ్చిన డాగ్ రోజ్, అంటే రోసా కెనైనా, దగ్గర ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. దాని 35 క్రోమోజోముల్లో అండం ద్వారా 28 వెళ్తాయి, పుప్పొడి ద్వారా 7 మాత్రమే. కాబట్టి తండ్రి ఎవరైనా పిల్ల తల్లిపోలికే. శుద్ధమైన మొక్కలోనూ చెడ్డ పుప్పొడి ఎక్కువే. దాని మొలకల్ని కంటితో తేల్చే ప్రయత్నం నా దృష్టిలో వృథా.

8. కనీసం రెండు మూడు లక్షణాలు ఒకే దిక్కు చూపిస్తేనే లేబుల్ మీద ‘కరోలినా × మల్టీఫ్లోరా?’ అని రాయండి. క్రోమోజోముల లెక్కో, డీఎన్ఏ పరీక్షో అయ్యేదాకా ఆ ప్రశ్నార్థకం తీయొద్దు. తల్లి కొమ్మనూ పిల్ల కొమ్మనూ ఒకే కాగితం మీద ఒత్తి ఆరబెట్టి ఉంచుకోండి. మల్టీఫ్లోరా పోలిక ఉన్న మొక్కల్ని మాత్రం కుండీ దాటనివ్వకండి, కాయలు పండకముందే తుంచేయండి.