న్యాయతత్వం: కొత్తవారితో ఒక తీర్పు చదివించే పద్ధతి

చట్టం అంటే ఏమిటన్న ప్రశ్నను చర్చించే న్యాయతత్వాన్ని కొత్తవారికి బోధించేవారు చాలాసార్లు సిద్ధాంతాల పేర్లతో మొదలుపెడతారు. దానివల్ల పేర్లు కంఠస్థమవుతాయి గాని, అవి ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టాయో బోధపడదు. అందుకే న్యాయమూర్తులే విభేదించిన ఒక కేసును ముందుగా చదివించాలి. మన దేశంలో అందుకు 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) జబల్పూర్ కేసు తీర్పును మించినది నాకు కనిపించలేదు.

మొదట సందర్భాన్ని వివరించండి. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించిన రెండు రోజులకే, రాజ్యాంగంలోని 14 (సమానత్వం), 21 (ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ), 22 (అరెస్టు, నిర్బంధాల నుంచి రక్షణ) అధికరణాల అమలు కోసం కోర్టును ఆశ్రయించే హక్కును రాష్ట్రపతి ఉత్తర్వు నిలిపివేసింది. విచారణ లేకుండా నిర్బంధించిన వారి హెబియస్ కార్పస్ (నిర్బంధితుణ్ణి కోర్టు ముందు హాజరుపరచాలని కోరే) పిటిషన్లను పలు హైకోర్టులు స్వీకరించగా, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. ఐదుగురి ధర్మాసనంలో ఆ ఉత్తర్వు అమలులో ఉండగా ఇలాంటి పిటిషన్లు చెల్లవన్న ప్రభుత్వ వాదనను నలుగురు అంగీకరించారు, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే వ్యతిరేకించారు.

ఖన్నా చెప్పిన కారణాలను వెంటనే బయటపెట్టకండి. 21వ అధికరణం అమలులో లేనప్పుడు మనిషి ప్రాణానికి చట్టంలో వేరే ఆధారం ఏదైనా ఉందా అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా జవాబు రాయించండి. ఆ తరువాతే ఆయన తీర్పు చదివించాలి: ప్రాణానికీ స్వేచ్ఛకూ 21వ అధికరణం ఒక్కటే ఆధారం కాదనీ, చట్టం అనుమతి లేకుండా వాటిని హరించే అధికారం రాజ్యాంగానికి ముందు కూడా ప్రభుత్వానికి లేదనీ ఆయన వాదించారు.

ఇప్పుడు సిద్ధాంతాల ప్రసక్తి తేవచ్చు. నీతికి పూర్తిగా విరుద్ధమైనది చట్టమే కాదనేది సహజ చట్టవాదం; చట్టం ఉన్నదా లేదా అన్నది ఒక ప్రశ్న, అది మంచిదా కాదా అన్నది మరొక ప్రశ్న అనేది శాసనవాదం. విద్యార్థులు ఖన్నాను సహజ చట్టవాదిగానూ మిగిలిన నలుగురినీ శాసనవాదులుగానూ విభజించడానికి తొందరపడతారు. అక్కడ ఆపి మళ్లీ చదివించాలి; ఎందుకంటే ఖన్నా ప్రధానంగా ఆధారపడింది కోర్టులు అంతకుముందే అంగీకరించిన న్యాయసూత్రం మీద, కాబట్టి శాసనవాది కూడా ఆయన పక్షాన నిలబడగలడు. ఈ సంగతి తట్టిన విద్యార్థికి అసలు చర్చలోకి దారి దొరికినట్టే. (సహజ చట్టవాదాన్ని, మన కోర్టుల్లో తరచు వినిపించే సహజ న్యాయసూత్రాలతో కలపకుండా చూడండి. రెండోది విచారణ జరపవలసిన పద్ధతికి సంబంధించినది.)

1958లో శాసనవాది హార్ట్‌కూ, చట్టాన్ని నీతి నుంచి విడదీయలేమన్న ఫుల్లర్‌కూ మధ్య జరిగిన చర్చను ఈ దశలో చదివిస్తే, నాజీ పాలన నాటి చట్టాల గురించి వారు ఎందుకంత తీవ్రంగా వాదించుకున్నారో సులభంగా అర్థమవుతుంది.

చివరగా, 2017 ఆగస్టు 24న గోప్యత హక్కుకు సంబంధించిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 1976 నాటి తీర్పును తోసిపుచ్చిందని చెప్పి, ఒక వ్యాసం రాయించండి: మధ్యనున్న 41 ఏళ్లూ ఆ తీర్పు చట్టమేనా, లేక చట్టం గురించి కోర్టు చేసిన పొరపాటా?