పాత మిద్దెలో ఏసీ గది: పైకప్పు సందులు మూసుకోవడం ఎలా?

కడపలో మా ఇల్లు పాత మిద్దె. దూలాలు, వాటిపైన దంతెలు (అడ్డకర్రలు), ఆపైన బండలు, మట్టి. అమ్మానాయనలు పడుకునే గదికి కొన్నేళ్ల కిందట ఫాల్స్ సీలింగ్ వేయించి ఏసీ పెట్టించాం. మొదటి ఎండాకాలమంతా ఏసీ ఆగకుండా తిరుగుతూనే ఉంది, గది మాత్రం చల్లబడలేదు. "కాళ్లు సల్లగుండాయి గానీ తలకాయ కాడ సెగ కొడతాంది నాయనా" అని అమ్మ రోజూ అనేది. మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. గ్యాస్ సరిగ్గానే ఉందని చెప్పి, ఫిల్టర్లు కడిగి వెళ్లాడు.

అమ్మ మాటలోనే జవాబుందని తర్వాత అర్థమైంది. ఒక మధ్యాహ్నం మెయిన్ ఆపి, నిచ్చెన వేసుకుని, సీలింగ్‌లోని ఒక లైటు ఊడదీసి ఆ కన్నంలోంచి టార్చి వేసి చూశాను. మిద్దెకూ సీలింగుకూ మధ్య అడుగున్నర ఖాళీ. ఆ ఖాళీలోకి గోడకున్న పాత వెంటిలేటర్లు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. బయటి వడగాలి అక్కడికి చేరి, మిద్దె కాకతో ఇంకా వేడెక్కి, లైట్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి, సీలింగ్ అంచుల్లోంచి గదిలోకి దిగుతోంది.

చల్లగాలి బరువు. అది కిందికి జారి తలుపు కింది సందులోంచి వరండాలోకి పోతుంది. ఎంత గాలి కింద బయటికి పోతే అంత గాలి పైనుంచి లోపలికి రావాల్సిందే. చలిదేశాల్లో ఇదే తలకిందులుగా జరుగుతుంది: ఇంట్లో వెచ్చబెట్టుకున్న గాలి పైకి లేచి అటకలోంచి, అంటే అక్కడి ఇళ్ల పైకప్పు కింది ఖాళీలోంచి పోతుంది, కింది సందుల్లోంచి చలిగాలి వస్తుంది. అందుకే అక్కడ ఇళ్లు బాగుచేసేవాళ్లు ముందు అటకే ఎక్కుతారు. సందులు మూసి, అటకలోనూ నేల కిందా ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) కూడా వేస్తే వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చు సగటున 15 శాతం తగ్గుతుందని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. ఆ లెక్క అక్కడి ఇళ్లది. మన లెక్క మనం వేసుకోవాలి.

12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తున్న గదిలో గాలి బరువు దాదాపు 50 కిలోలు. బయట 42 డిగ్రీలు, లోపల 26 డిగ్రీలు ఉన్నప్పుడు, సందుల వల్ల ఆ గాలి గంటకు 3 సార్లు మారిపోతోందనుకుందాం. కొత్తగా దూరిన వేడిగాలిని చల్లబరచడానికే ఏసీ గంటకు ఇంచుమించు 0.2 యూనిట్ల కరెంటు తింటుంది. మధ్యాహ్నం 5 గంటలు వేస్తే రోజుకు 1 యూనిట్, నెలకు 30. రాత్రి బయటి వేడి తగ్గుతుంది కాబట్టి నష్టమూ తగ్గుతుంది. నా దృష్టిలో అసలు లాభం వేరే ఉంది. తల దగ్గర సెగ ఆగితే 22 మీద పెట్టుకునే ఏసీని 26 మీద పెట్టుకోవచ్చు. డిగ్రీ పెంచిన ప్రతిసారీ దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రప్రభుత్వ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది.

ఏ గదికి చేయకూడదు?

పని మొదలుపెట్టకముందే ఇది తేల్చుకోండి. వంటిల్లు, గ్యాస్ గీజరున్న బాత్రూమ్, కట్టెల పొయ్యి ఉన్న గది ఇందులోకి రావు. అక్కడ గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని ప్రాణాలు పోతాయి. దానికి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఇన్వర్టర్ బ్యాటరీ అటక మీదో గదిలోనో ఉంటే ముందు దాన్ని గాలాడే చోటికి మార్చాలి. ఛార్జింగ్ అయ్యేటప్పుడు లెడ్-యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే అది పేలుతుంది.

కూలర్ వాడే గదికీ ఇది పనికిరాదు. కూలర్ లోపలికి తోసిన తేమగాలి బయటికి పోవడానికి కిటికీ తెరిచి ఉండాల్సిందే. మూస్తే గది ఉక్కపోసి చెమట ఆరదు. కాబట్టి ఇల్లంతా బిగించే ఆలోచన మానుకుని, ఏసీ ఉన్న ఒక్క గదినే తీసుకోండి.

సందులు వెతకడం

నిజానికి సగం పని ఇదే. తొందరపడకండి.

మొదట మిట్టమధ్యాహ్నం గది తలుపులు, కిటికీలు మూసి, లైట్లార్పి లోపల 5 నిమిషాలు నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పైన ఎక్కడెక్కడ వెలుతురు గీతలు కనబడతాయో సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. పాత మిద్దెల్లో దూలం గోడలోకి దిగిన చోట, గవాక్షి (వెలుతురు కోసం మిద్దెకు వదిలిన కన్నం) చుట్టూ, కిటికీ పైచెక్క వెంబడి ఈ గీతలు తేలతాయి.

తర్వాత గదికి ఆనుకుని బాత్రూమ్ ఉంటే దాని తలుపు తెరిచిపెట్టి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. ఆ ఫ్యాన్ గదిలోని గాలిని బయటికి లాగుతుంది కాబట్టి ప్రతి సందులోంచీ బయటిగాలి లోపలికి దూరుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఊదుబత్తి వెలిగించి అంచుల వెంబడి మెల్లగా కదపండి. పొగ నిటారుగా లేస్తే అక్కడేమీ లేనట్టు. విసురుగా గదిలోకి వంగితే అక్కడ సందుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే లైట్ల చుట్టూ, ఫ్యాన్ రాడ్డు దిగే కన్నం దగ్గర, గోడకు సీలింగు తగిలే గీత పొడవునా చూడాలి. స్విచ్‌బోర్డుల్లోంచి కూడా గాలి వస్తుంది, వైర్ల పైపు పైకప్పు దాకా పోతుంది కదా.

ఇంకో గుర్తుంది. సాలీళ్లు తరచు గాలి కదిలే చోట గూళ్లు కడతాయి. తెల్లసున్నం మీద నల్లగా దుమ్ము చారలు దిగిన చోట కూడా ఏళ్లుగా గాలి ఆడుతోందని అర్థం.

ఎక్కడ మూయాలి, ఎక్కడ వదలాలి

మా బేల్దారి మేస్త్రి వెంటిలేటర్లు చూసి, "ఇటుక పెట్టి పూసేస్తే అరపూట పని" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఫాల్స్ సీలింగ్ ఉన్న గదిలో హద్దు సీలింగే. దాన్ని బిగించాలి. దానిపైన ఉన్న ఖాళీని మాత్రం గాలాడనివ్వాలి. వెంటిలేటర్లు తెరిచుంటే మిద్దె కాక అటునుంచి అటే పోతుంది. పైగా వానాకాలంలో తడిసిన దంతెలు ఆరడానికి ఆ గాలే దిక్కు. మూసేస్తే చెమ్మ నిలుస్తుంది, చెమ్మ వెనకే చెదలు వస్తాయి. మేం ఆ వెంటిలేటర్లకు సన్నటి స్టీలు జాలీ మాత్రం కొట్టించాం. ముందు లోపల పిచ్చుక గూళ్లున్నాయేమో చూసుకోండి. గుడ్లో పిల్లలో ఉంటే ఎగిరిపోయేదాకా ఆగండి.

ఫాల్స్ సీలింగ్ లేని గదికి మిద్దే హద్దు. అప్పుడు గోడ వెంటిలేటర్లకు, గవాక్షికి అద్దం బిగించుకోవాలి. శాశ్వతంగా పూడ్చొద్దు. బందులతో తెరుచుకునేలా వడ్రంగి చేత ఫ్రేము చేయించి, అంచుకు ఫోమ్ టేపు అంటించండి. వెలుతురు పోదు, ఏసీ అక్కర్లేని కాలంలో తెరుచుకోవచ్చు.

మూసే పని

ఉగాదిలోపు చేసుకుంటే మంచిది. ఆ తర్వాత సీలింగ్ పైన తల పెట్టడం కూడా కష్టం. మెయిన్ ఆపండి. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. పాత మిద్దె సందుల్లో తేళ్లుంటాయి, టార్చి వేయకుండా చెయ్యి పెట్టొద్దు. పాత వైర్ల పైతొడుగు పెళుసుబారి ఊడిపోతుంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అవి మార్పించండి. సందులు మూయడం దాని తర్వాత.

పావు అంగుళం లోపు సందులకు అక్రిలిక్ సీలెంట్ చాలు, దానిమీద పెయింటు నిలుస్తుంది. సిలికాన్ మీద పెయింటు నిలవదు కాబట్టి దాన్ని అద్దాలకు, కిటికీ ఫ్రేములకు ఉంచుకోండి. రెండూ గొట్టాల్లో వస్తాయి, గన్నులో పెట్టి నొక్కాలి. దుమ్ము తుడవకుండా వేస్తే నెలలోపే ఊడొస్తాయి. బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక వేయండి.

అంతకంటే పెద్ద కన్నాలకు, పైపులు దూరిన చోట్లకు పీయూ ఫోమ్ (డబ్బాలోంచి చిమ్మితే గట్టిపడే పాలీయురేథేన్ నురగ) పనికొస్తుంది. అది పొంగుతుంది కాబట్టి సందును సగమే నింపాలి. గట్టిపడ్డాక మిగిలింది బ్లేడుతో కోసి పుట్టీ పూయండి. ఆ డబ్బాలోని వాయువు మండేది. ఫోమ్ వేసేటప్పుడు ఊదుబత్తి, బీడీ, దీపం ఏదీ గదిలో ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. గట్టిపడ్డ ఫోమ్ కూడా నిప్పు తగిలితే అంటుకుంటుంది, అందుకే లైట్ల వెనక వేడెక్కే డ్రైవర్ల (లైటుకు కరెంటు సర్దే చిన్న డబ్బాల) మీద వేయొద్దు. లైటు రింగు కింద పలుచటి ఫోమ్ టేపు అంటించి తిరిగి బిగిస్తే చాలు.

దూలం కొసల దగ్గర మాత్రం ఫోమూ వద్దు, సిమెంటూ వద్దు. కలప కాలాన్నిబట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. మట్టి, సున్నం గోడలకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి దూలం కొస పుచ్చుతుంది, పూత కూడా పెచ్చులుగా ఊడుతుంది. మా మేస్త్రి చేత ముందు జనపనార తాడు కూరించి, దానిమీద నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి పూయించాను. బండల మధ్య సందులకూ అదే. ముందు దూలాన్ని స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగిందంటే చెదలు తిన్నట్టే, ఆ సంగతి చూడకుండా పైపైన పూయొద్దు.

కొంచెం కొత్త ఇళ్లలో అటక ఉంటుంది. గోడలోకి దించిన కడప బండల మీద సామాన్లు పెట్టుకునే అటకలు చాలాచోట్ల రెండు గదులకూ ఉమ్మడిగా ఉంటాయి, ఇటువైపు ఏసీ గది, అటువైపు వంటిల్లు. మధ్యలో అడ్డం లేకపోతే ఏసీ గాలి వంటింట్లోకి పోతుంది. ప్లైవుడ్ ముక్క కొలిచి నిలబెట్టి, చుట్టూ సీలెంట్ పూస్తే సరి.

చాలామంది చూడనిది ఏసీ పైపు కన్నం. గోడకు రెండున్నర మూడు అంగుళాల కన్నం పెట్టి పైపు దూర్చాక, చాలా ఇళ్లలో చుట్టూ ఖాళీ అలాగే వదిలేస్తారు. బయటినుంచి చూసి పుట్టీతో మూయండి. నీళ్ల పైపు వాలు మాత్రం చెడకూడదు.

ఇక కింద తలుపు. 3 అడుగుల తలుపు కింద ముప్పావు అంగుళం సందుంటే 27 చదరపు అంగుళాలు. గోడకు అరచేయి పట్టేంత కన్నం పెట్టుకుని ఏసీ వేసుకున్నట్టు. రబ్బరు పట్టీ ఉన్న డోర్ సీల్ కొని తలుపు అడుగున బిగించండి. పైన ఎంత మూసినా కింద ఇది తెరిచుంటే పైన మిగిలిన సందు ఏదైనా సరే గాలిని లాగుతూనే ఉంటుంది. డబ్బు తక్కువగా ఉంటే మొదట ఇదే చేయండి.

పని అయ్యాక

ఊదుబత్తి పరీక్ష మళ్లీ చేయండి, ఫోమ్ పూర్తిగా గట్టిపడి వాసన పోయాకే. పాత ఇల్లు ఎంత మూసినా పూర్తిగా బిగుసుకోదు, ఆ భయం అక్కర్లేదు. అయినా ఒకే గదిలో నలుగురు పడుకుంటే తెల్లవారేసరికి తల బరువెక్కొచ్చు. నడిరాత్రి ఎవరు లేచినా తలుపు 5 నిమిషాలు తెరిచి ఉంచండి.

ఫలితం చేతికి తెలియాలంటే మీటరే చూడాలి. పనికి ముందు ఒక వారం, తర్వాత ఒక వారం, రాత్రి 10కి, ఉదయం 6కి రీడింగు కాగితం మీద రాసుకోండి. ఏసీ అంకె మార్చకండి. ఎండ తీవ్రత ఒకేలా ఉన్న రోజుల్నే పోల్చండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

బండలోంచి దిగే కాక మాత్రం సందులు మూసినంత మాత్రాన తగ్గదు. దానికి మిద్దె మీద తెల్లసున్నమో, ఎండను వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటో వేయాలి. మేం సందులు మూసిన మరుసటి ఏడు వేసుకున్నాం. అమ్మ ఇప్పుడు ఏసీ 27 మీద పెట్టుకుని, తెల్లవారుజామున దుప్పటి కప్పుకుంటోంది.