ఓడ ప్రయాణం నేర్చుకుందాం – 3వ పాఠం: నడక ఇబ్బంది ఉన్నవారికి సరైన కేబిన్

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం పూర్తి చేశారనుకుంటాను. ఆగకుండా ఎంత దూరం నడవగలరు, ఎంత ఎత్తు గడప దాటగలరు, మంచం మీదికి ఏ పక్క నుంచి చేరతారు, స్నానం నిలబడి చేస్తారా, కూర్చుని చేస్తారా అన్నవి రాసుకున్న ఆ కాగితాన్ని ఇప్పుడు ముందు పెట్టుకోండి. మీరు ఎంచుకున్న ఓడ డెక్ ప్లాన్ (ఏ డెక్‌లో, అంటే ఏ అంతస్తులో, ఏ గది ఎక్కడుందో చూపే పటం) కూడా తెరిచి ఉంచండి. అది క్రూయిజ్ కంపెనీ సైట్‌లో దొరుకుతుంది.

కేబిన్ అనగానే అందరూ ముందు ధర చూస్తారు, ఆ తర్వాత కిటికీ ఉందా, బాల్కనీ ఉందా అని అడుగుతారు. నడక ఇబ్బంది ఉన్నవాళ్ళు ఈ వరుసను తిరగేయాలి. మొదట తలుపు, తర్వాత బాత్‌రూమ్, ఆ తర్వాత ఓడలో ఆ కేబిన్ ఏ చోట ఉందన్నది చూడండి. సముద్రం కనిపించడం గురించి చివర్లో ఆలోచించవచ్చు.

తలుపు, లోపలి జాగా

మామూలు కేబిన్ తలుపు వెడల్పు చాలా ఓడల్లో 22, 23 అంగుళాలే ఉంటుంది. పెద్దవాళ్ళ వీల్‌చైర్లు చాలావరకు మొత్తం వెడల్పులో 24 నుంచి 27 అంగుళాల దాకా ఉంటాయి. అంటే కుర్చీ గుమ్మంలోనే ఆగిపోతుంది. నడక ఇబ్బంది ఉన్నవారి కోసం ప్రత్యేకంగా కట్టిన యాక్సెసిబుల్ కేబిన్‌లో తలుపు సుమారు 32 అంగుళాలు ఉంటుంది.

ఇక్కడ చాలామంది కొలతలో పొరబడతారు. కుర్చీ మీద రాసి ఉండే 18 అంగుళాలు సీటు వెడల్పు మాత్రమే. మనకు కావలసింది చేత్తో తిప్పే రింగు బయటి అంచు నుంచి అవతలి రింగు బయటి అంచు దాకా ఉన్న కొలత. దానికి వేళ్ళు తలుపుకు రాసుకోకుండా కొంచెం జాగా కలుపుకోండి. మోటారు స్కూటర్ అయితే వెడల్పుతో పాటు పొడవు కూడా కొలవండి.

స్కూటర్ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. దాన్ని కారిడార్‌లో వదిలి వెళ్ళడానికి ఓడలో ఒప్పుకోరు. ప్రమాదం వస్తే వందలమంది పరుగెత్తాల్సిన దారి అది. కాబట్టి లోపల నాలుగడుగులు నడవగలిగినా సరే, స్కూటర్ మీ కేబిన్‌లోకి పట్టాలి, లేదా మడిచి పెట్టగలిగేదై ఉండాలి. "నేను లోపల నడుస్తాను కదా, మామూలు కేబిన్ చాలు" అనుకుని బుక్ చేసుకున్నవాళ్ళకు ఎక్కిన మొదటి రోజే టెన్షన్ పట్టుకుంటుంది.

లోపలికి వెళ్ళాక కుర్చీ తిరగాలి. పూర్తిగా గుండ్రంగా తిరగడానికి 5 అడుగుల వెడల్పు జాగా కావాలని లెక్క. ఇంట్లో నేల మీద సుద్దముక్కతో 5 అడుగుల వలయం గీసి, అందులో తిరిగి చూడండి. మీ కుర్చీకి అది సరిపోతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. కంపెనీని అడిగేటప్పుడు, రెండు మంచాలు కలిపి వేసినా, సోఫాను పడకగా విప్పినా కూడా ఆ జాగా మిగులుతుందా అని అడగండి. టీపాయ్ లాంటి చిన్న సామాను తీసేయమంటే సాధారణంగా తీసేస్తారు.

బాత్‌రూమ్

నా దృష్టిలో కేబిన్ ఎంపికలో సగం పని ఇక్కడే. మామూలు కేబిన్లలో నీళ్ళు గదిలోకి రాకుండా బాత్‌రూమ్‌కి కొన్ని అంగుళాల ఎత్తు గడప కడతారు. ఇంట్లో అయితే అంత గడప పెద్ద విషయం కాకపోవచ్చు. కదులుతున్న ఓడలో, తడి కాళ్ళతో, అర్ధరాత్రి నిద్రమత్తులో దాటడం వేరు. చేతికర్రతో నడిచేవాళ్ళు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

యాక్సెసిబుల్ కేబిన్‌లో బాత్‌రూమ్ నేల గది నేలతో సమంగా గానీ, చిన్న వాలుతో గానీ ఉంటుంది. గట్టు లేని షవర్, గోడకు మడిచే సీటు, చేత్తో పట్టుకునే షవర్, ఆసరాగా పట్టుకోవడానికి గోడకు బిగించిన కమ్మీలు ఉంటాయి. అయితే "కమ్మీలు ఉన్నాయి" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. టాయిలెట్‌కి ఏ పక్కన ఉన్నాయి, కుర్చీ ఆనించడానికి ఏ పక్క జాగా ఉంది అని అడగండి. పక్షవాతం వల్ల కుడి చెయ్యి బలహీనపడినవారికి కుడి పక్క కమ్మీ ఉన్నా లేనట్టే. తువ్వాలు వేసే కడ్డీ కూడా చూడ్డానికి కమ్మీలాగే ఉంటుంది, కానీ అది మనిషి బరువు మోయడానికి చేసింది కాదు. దాన్ని పట్టుకుని లేవవద్దు.

యాక్సెసిబుల్ అన్న మాట కింద రకాలు ఉన్నాయి. ఉదాహరణకు కార్నివాల్ అనే క్రూయిజ్ కంపెనీ మూడు రకాలు చూపిస్తుంది: వీల్‌చైర్‌లోనే ఉండేవారికి పూర్తి వసతులున్నది, వసతులన్నీ ఉన్నా మంచాన్ని ఒక పక్క నుంచి మాత్రమే చేరగలిగేది, గదిలో కుర్చీ అవసరం లేకుండా కర్రతోనో వాకర్‌తోనో నడిచేవారికి కమ్మీలతో ఉన్నది. రెండో రకంలో ఆ ఒక్క పక్క మీకు అనుకూలమైన పక్కేనా అన్నదే ప్రశ్న. మూడో రకాన్ని వీల్‌చైర్ మనిషి బుక్ చేసుకుంటే ఇబ్బంది తప్పదు. మనిషిని ఎత్తి మంచం మీదికి చేర్చే లిఫ్టు పరికరం వాడేవాళ్ళయితే, దాని కాళ్ళు దూరేంత ఎత్తు మంచం కింద ఉందా అని కూడా అడగాలి.

ఓడలో ఏ చోట?

ఓడ అలల మీద ముందుకీ వెనక్కీ ఊగుతుంది, పక్కలకీ ఒరుగుతుంది. పిల్లలు రెండు చివర్లా కూర్చుని పైకీ కిందికీ ఊగే సీ-సా ఆటబల్లకి మధ్యలో కూర్చున్నవాళ్ళకి కదలిక తక్కువ, చివరలో వాళ్ళకి ఎక్కువ. అందుకే నిలకడ తక్కువ ఉన్నవాళ్ళకి మధ్య భాగం, కింది డెక్‌లు మంచివి. ఓడకు నీటిలో రెక్కల్లా ఉండే స్టెబిలైజర్లు పక్కలకి ఒరగడాన్ని తగ్గిస్తాయి గానీ, ముందువెనకల ఊపును ఆపలేవు.

దూరం సంగతి. ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ పొడవు 365 మీటర్లు. అలాంటి ఓడలో కారిడార్ చివరి కేబిన్ తీసుకుంటే భోజనానికి వెళ్ళి రావడమే ఒక పెద్ద నడక. పైగా కార్పెట్ మీద కుర్చీ తోయడానికి బలం ఎక్కువ పడుతుంది. డెక్ ప్లాన్‌లో మీ కేబిన్ నుంచి లిఫ్టు దాకా ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టండి. ఆ లిఫ్టు మీ భోజనశాల ఉన్న చోటికి నేరుగా వెళ్తుందా, లేక ఓడ అవతలి కొసకు నడిచి వేరే లిఫ్టు ఎక్కాలా అన్నది కూడా చూడండి. లిఫ్టు పక్కన కొంత చప్పుడు ఉంటుంది. నన్నడిగితే కాళ్ళ నొప్పి కన్నా ఆ చప్పుడే నయం.

ప్రమాద సమయంలో లిఫ్టులు వాడనివ్వరు. మెట్ల మీద దించే ప్రత్యేక కుర్చీలతో సిబ్బంది సాయం చేస్తారు, కానీ మీ అవసరం వాళ్ళకు ముందే తెలిసి ఉండాలి. అందరూ చేరాల్సిన మస్టర్ స్టేషన్ ఏ డెక్‌లో ఉందో చూసి, దానికి ఒకటి రెండు డెక్‌ల తేడాలో కేబిన్ దొరికితే దాన్నే తీసుకోండి.

బాల్కనీ కావాలనుకుంటే దాని గడపకు వాలుబల్ల వేస్తారా, తలుపును కూర్చుని తెరవగలరా అని అడగండి. గాలి ఒత్తిడికి ఆ తలుపులు చాలా బరువెక్కుతాయి.

బుకింగ్

"గ్యారంటీ" అనే చౌక టికెట్ జోలికి పోవద్దు. అందులో కేబిన్‌ను కంపెనీయే కేటాయిస్తుంది. యాక్సెసిబుల్ కేబిన్లు ఏ ఓడలోనైనా కొన్నే ఉంటాయి, ముందే అయిపోతాయి. ప్రత్యేక అవసరాల ఫారం నింపి పంపితేనే ఆ కేబిన్ మీ పేర ఖాయమవుతుంది. కొలతలు ఫోన్‌లో చెప్తే ఆగిపోకండి, ఈమెయిల్‌లో రాయించుకోండి. ఒకే తరగతి కేబిన్లు కూడా అన్నీ ఒకేలా ఉండవు, కాబట్టి కేబిన్ నంబరు చెప్పి అడగండి.

మీకు హక్కులు కూడా ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ రేవులో ఎక్కే క్రూయిజ్‌లకు 1177/2010 నియమావళి వర్తిస్తుంది. దాని ప్రకారం కేబిన్ అవసరాలు, వెంట తెచ్చే వైద్య పరికరాల గురించి బుకింగ్‌లోనే చెప్పాలి. రేవులో, ఓడలో కావలసిన మిగతా సాయాన్ని కనీసం 48 గంటల ముందు తెలపాలి. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం అమెరికా జలాల్లోని విదేశీ జెండా ఓడలకూ వర్తిస్తుందని అక్కడి సుప్రీం కోర్టు 2005లో తీర్పు చెప్పింది. కాబట్టి వివరాలు అడగడానికి మొహమాటపడవద్దు.

ఈ వారం అభ్యాసం

మీ ఓడ డెక్ ప్లాన్‌లో వీల్‌చైర్ గుర్తున్న కేబిన్లు మూడు ఎంచుకోండి. ఒక్కోదానికి తలుపు వెడల్పు, బాత్‌రూమ్ గడప, కమ్మీల పక్క, మంచం చేరే పక్క, లిఫ్టు దూరం అని అయిదు గళ్ళు గీయండి. ప్లాన్‌లో తెలిసినవి నింపి, ఖాళీగా మిగిలిన గళ్ళనే ప్రశ్నలుగా రాసి కంపెనీకి పంపండి. జవాబులు వచ్చాక 4వ పాఠం మొదలుపెడదాం. ఓడ రేవుకు ఆనుకోలేని చోట చిన్న పడవలోకి దిగడం గురించి అందులో నేర్చుకుంటాం.