బ్యాటరీ పదేపదే దిగిపోతోందా? కొత్తది కొనే ముందు, స్పానర్ పట్టే ముందు

పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ టక్కుటక్కుమని ఆగిపోతుంది. పక్క బండి నుంచి కేబుళ్లు వేసి స్టార్ట్ చేస్తాం, ఆ రోజు గడిచిపోతుంది. రెండు రోజులకు మళ్లీ అదే తంతు. ఒకటికి రెండుసార్లు ఇలా జరిగితే చాలామంది కొత్త బ్యాటరీ వేయించేస్తారు. కొన్నిసార్లు అదే సరైన మందు. కానీ తప్పు బ్యాటరీది కాకపోతే కొత్తది వేయడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. పైగా పూర్తిగా దిగిపోయిన ప్రతిసారీ ఆ కొత్త బ్యాటరీ ఆయుష్షు కొంత తరిగిపోతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇది: బ్యాటరీ ఛార్జిని నిలుపుకోలేకపోతోందా? దానికి అందాల్సిన ఛార్జి అందడం లేదా? లేక అందిన ఛార్జిని బండి ఆగి ఉన్నప్పుడు ఏదో లాగేస్తోందా? ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, కాస్త ఓపిక ఉంటే ఈ మూడింటిలో ఏదో చాలావరకు ఇంట్లోనే తెలిసిపోతుంది. అయితే 12 వోల్టులే కదా, ఏం చేస్తుందిలే అనుకోవద్దు. షాక్ కొట్టదన్నది నిజమే. ప్రమాదం మరో రూపంలో ఉంటుంది.

చెయ్యి పెట్టే ముందు

బ్యాటరీలో ఉండేది నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఛార్జి ఎక్కుతున్నప్పుడు, ముఖ్యంగా అతిగా ఎక్కినప్పుడు, అందులోని నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ బయటికి వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. బ్యాటరీ పేలితే ప్లాస్టిక్ పెంకులతో పాటు యాసిడ్ కూడా ముఖం మీదికి ఎగురుతుంది. అందుకే కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ లేకుండా ఈ పనికి దిగొద్దు. సిగరెట్, లైటర్ దగ్గర్లో ఉండకూడదు. తలుపులు మూసిన గ్యారేజీలో ఛార్జర్ పెట్టకూడదు.

ఉంగరం, కడియం, మెటల్ గొలుసు ఉన్న గడియారం తీసి పక్కన పెట్టండి. చిన్న బ్యాటరీ అయినా రెండు కొనలూ కలిస్తే వందల ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆ దారిలో ఉంగరం ఉంటే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది, వేలితో సహా.

టెర్మినళ్లు విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర. ఈ వరస ఎందుకో తెలిస్తే ఇక మర్చిపోరు. బండి బాడీ మొత్తం నెగెటివ్‌తో కలిసి ఉంటుంది. నెగెటివ్ తియ్యకుండా పాజిటివ్ నట్టు విప్పుతుంటే, స్పానర్ వెనక కొస పక్కనున్న ఏ రేకుకో, బ్రాకెట్టుకో తగిలిందంటే నేరుగా షార్టే. స్పానర్ అక్కడే అతుక్కుపోవచ్చు కూడా. అదే నెగెటివ్ ముందే విప్పి పక్కకు తప్పించి ఉంటే, స్పానర్ బాడీకి తగిలినా కరెంటుకు దారి ఉండదు. విప్పిన ఎర్త్ వైరు (నెగెటివ్ కేబుల్) స్ప్రింగులా వెనక్కి వచ్చి మళ్లీ టెర్మినల్‌ను తాకే అవకాశం ఉంది, దానికో గుడ్డ చుట్టి పెట్టండి.

యాసిడ్ కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ముందు కడగడం, తర్వాతే పరుగు. నేల మీదో, టెర్మినళ్ల మీదో పడితే వంటసోడా నీళ్లు పోస్తే యాసిడ్ ఘాటు విరిగిపోతుంది. వంటసోడాను కంట్లో మాత్రం వాడొద్దు.

బ్యాటరీ పక్కలు ఉబ్బినా, పగులు కనిపించినా, కారుతున్నా, కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నా దాన్ని ఛార్జి చేయొద్దు, కేబుళ్లు వేసి లేపొద్దు. గట్టి చలి ప్రాంతాల్లో ఇంకో గండం ఉంది. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయింది మాత్రం సున్నాకు కొన్ని డిగ్రీల కిందకే గడ్డకడుతుంది. గడ్డకట్టినదానికి కరెంటు ఎక్కించడం పేలుడును పిలవడమే.

ఇంజిన్ నడుస్తుండగా టెర్మినల్ పీకి చూసి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జి చేసేది) బాగానే ఉందని తేల్చే పాత పద్ధతి ఒకటుంది. దయచేసి అది మానేయండి. టెర్మినల్ ఊడిన క్షణంలో ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసిపడుతుంది, ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) లాంటి ఎలక్ట్రానిక్ యూనిట్లు దెబ్బతినొచ్చు. ఆ పరీక్ష మీటరుతో అర నిమిషంలో అయిపోతుంది.

మీటరు చెప్పేది

బండి ఆపిన వెంటనే చూసిన రీడింగ్‌ను నమ్మొద్దు. ప్లేట్ల మీద పైపైన ఉండే ఛార్జి వల్ల వోల్టేజీ ఎక్కువ కనిపిస్తుంది. బానెట్ ముందు రాత్రే వదులుగా ఉంచుకుని, రాత్రంతా వదిలేసి, పొద్దున తలుపులు తెరిచే ముందే టెర్మినళ్ల మీద చూడండి. 12.6 వోల్టులు, ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12కు చేరిందంటే పావు వంతే మిగిలింది. ఎంత ఛార్జి చేసినా 10.5 దగ్గరే నిలబడితే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయిందని అనుమానించాలి, దానికిక మరమ్మతు లేదు.

తర్వాత ఇంకొకరిని స్టార్ట్ చెయ్యమని మీటరు చూస్తూ ఉండండి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మంచి బ్యాటరీ సాధారణంగా 9.6 కంటే కిందికి పోదు. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా 8కో, 7కో జారిపోతుంటే లోపల సత్తువ అయిపోయిందన్నమాట. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13 కంటే తక్కువే ఉండి, హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే ఇంకా పడిపోతుంటే ఛార్జింగ్ అందడం లేదు: బెల్టు వదులు కావచ్చు, ఆల్టర్నేటర్ కావచ్చు, ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉండొచ్చు. 15 దాటి పోతుంటే అది ఇంకో రకం నాశనం, బ్యాటరీలో నీళ్లు ఉడికి ఇంకిపోతాయి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను అవసరాన్ని బట్టి పెంచి తగ్గిస్తుంది, వాటిలో ఒక్కసారి తక్కువ కనిపించగానే తప్పు పట్టకూడదు.

ఇంత చూశాక కూడా దోషం బ్యాటరీదా, బండిదా అన్నది తేలకపోతే నేను అన్నిటికంటే నమ్మే పరీక్ష ఒకటి ఉంది. దానికి ఖర్చు లేదు. బ్యాటరీని ఛార్జర్‌తో పూర్తిగా నింపండి, నెగెటివ్ విప్పేసి రెండు రోజులు వదిలేయండి. మొదటి కొన్ని గంటల తర్వాత ఒకసారి, రెండు రోజుల తర్వాత ఒకసారి వోల్టేజీ చూడండి. 12.6 దగ్గరే నిలబడితే బ్యాటరీ ఛార్జి దాచుకోగలుగుతోంది, లోపాన్ని బండిలో వెతకాలి. ఎవరూ వాడకుండానే 12.2కు జారిపోతే దాని పని అయిపోయింది. మూడు నుంచి అయిదేళ్లు వాడినదైతే అందులో ఆశ్చర్యం లేదు. ఎండ వేడి బాగా తగిలే చోట ఇంకా ముందే అయిపోతుంది.

ఒకమాట: టెర్మినళ్ల మీద తెల్లగానో, నీలి ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే ఈ పరీక్షలన్నిటికీ ముందు దాన్ని శుభ్రం చేసి, క్లాంపు చేత్తో తిప్పితే కదలకుండా బిగించండి. బ్యాటరీ బాగాలేదన్న ఫిర్యాదుల్లో కొన్ని అక్కడితోనే ముగుస్తాయి.

బండి ఆగి ఉన్నప్పుడు లాగేది

తాళం వేసిన కారు కూడా కొంచెం కరెంటు తింటుంది: అలారం, గడియారం, రిమోట్ తాళం వినే రిసీవర్, కంప్యూటర్ జ్ఞాపకం. ఇది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మామూలు కిందే లెక్క. ఆ 50 కూడా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు పారాయన్న లెక్క), నెలకు 36. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న బండిని నెల రోజులు కదపకపోతే అది లేవకపోవడంలో ఏ లోపమూ లేదు, లెక్కే అది. ఇక డిక్కీలో ఆరని 5 వాట్ల బల్బు 0.4 ఆంపియర్లు లాగుతుంది, రోజుకు 10 ఆంపియర్ అవర్ల దాకా. మూడు నాలుగు రోజుల్లో బ్యాటరీ ఖాళీ.

కొలవడానికి మీటరును బ్యాటరీకీ ఎర్త్ వైరుకీ మధ్య వరుసలో పెట్టాలి. ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టండి, మిల్లీ ఆంపియర్ సాకెట్లో పెడితే మీటరు ఫ్యూజు పోవచ్చు. కొలిచేటప్పుడు పొరపాటున కూడా స్టార్ట్ చెయ్యొద్దు, హెడ్‌లైట్లు వెయ్యొద్దు. పని కాగానే ప్రోబును వోల్టుల సాకెట్లోకి మార్చండి. మార్చకుండా టెర్మినళ్ల మీద పెడితే ఆ మీటరే షార్ట్ సర్క్యూట్.

కారు వెంటనే నిద్రపోదు. తాళం వేశాక కొన్ని కార్లకు 20 నిమిషాలు, కొన్నిటికి గంట దాకా పడుతుంది, అప్పటిదాకా మీటరు ఆంపియర్లలో చూపించినా కంగారు పడొద్దు. మధ్యలో తలుపు తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఫ్యూజు బాక్సు దగ్గరి తలుపు ముందే తెరిచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో మూసుకున్న స్థితిలోకి నొక్కి ఉంచండి, తలుపు మూసినట్టే కారు అనుకుంటుంది. తర్వాత ఆ తలుపును హ్యాండిల్ లాగి లాక్ విడిపించాకే మూయాలి. బటన్ స్టార్ట్ బండైతే తాళాన్ని దూరంగా వేరే గదిలో పెట్టండి. తాళం దగ్గరుంటే కొన్ని కార్లు అసలు నిద్రపోవు. రోజూ తాళాన్ని కారు పక్కనే తగిలించే అలవాటుతోనే బ్యాటరీ దిగిపోయే ఇళ్లు ఉన్నాయి.

రీడింగ్ స్థిరపడ్డాక కూడా 50 మిల్లీ ఆంపియర్లను బాగా దాటి ఉంటే ఏ సర్క్యూట్ లాగుతోందో వెతకాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటరు ఎప్పుడు పడిపోతుందో చూడటం అందరికీ తెలిసిన పద్ధతి. పీకి పెట్టినప్పుడల్లా కొన్ని యూనిట్లు నిద్రలేచి లెక్క తప్పిస్తాయి. అంతకంటే మంచిది, ఎర్త్ వైరును మళ్లీ బ్యాటరీకి బిగించి, కారు నిద్రపోయాక మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఫ్యూజు నెత్తిన కనిపించే రెండు చిన్న లోహపు చుక్కల మీద ప్రోబులు ఆనించడం. సున్నా చూపిస్తే ఆ ఫ్యూజులో కరెంటు పారడం లేదు. ఏదైనా అంకె కనిపిస్తే ఆ దారిలో కరెంటు పారుతోంది, దొంగ అక్కడ ఉండొచ్చు. ఏ ఫ్యూజులోనూ దొరకకపోతే ఆల్టర్నేటర్ లోపల, కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్ లీక్ అవుతుండొచ్చు. అది మెకానిక్‌కు అప్పగించాల్సిన పని.

నా అనుమానం మొదట వెళ్లేది బయట బిగించిన వాటి మీదికే. పార్కింగ్‌లో కూడా రికార్డు చేసే డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, కొత్త మ్యూజిక్ సిస్టమ్, ఓబీడీ సాకెట్లో (మెకానిక్ స్కానర్ తగిలించే చోట) పెట్టి మర్చిపోయిన పరికరం. ఇవి తాళం తీస్తే ఆరిపోయే వైరుకు కాకుండా ఎప్పుడూ కరెంటుండే వైరుకు కలిపి ఉంటాయి. ముందు వాటిని తీసేసి రెండు రాత్రులు చూడండి.

ఛార్జి, జంప్ స్టార్ట్

పూర్తిగా దిగిన బ్యాటరీ ఇరవై నిమిషాల డ్రైవింగ్‌తో నిండదు. ఇంజిన్ స్లోలో నడిపితే అసలే కాదు. దానికి గంటల తరబడి ఛార్జర్ కావాలి, ఆంపియర్ అవర్లలో పదో వంతు కరెంటు చాలు. 45కు నాలుగున్నర. ఖాళీగా రోజులు వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి తిరిగి కరగదు, కాబట్టి దిగిన రోజే నింపండి. మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, అదీ ఛార్జి అయ్యాక, గుర్తు వరకే. ప్లేట్లు బయటికి తేలి ఉంటే మాత్రం ముందు అవి మునిగేంత పోసి ఛార్జి పెట్టండి. ఏజీఎమ్ బ్యాటరీకి (యాసిడ్‌ను గాజునార పొరలు పీల్చుకుని ఉండే రకం) ఛార్జర్‌లో ఆ మోడ్ ఉండాలి. స్టార్ట్ స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తాను ఆగి మొదలయ్యే ఏర్పాటు) ఉన్న బండిలో ఏజీఎమ్ తీసి మామూలుది పెడితే త్వరగా పోతుంది.

కేబుళ్లు వేసేటప్పుడు రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు. ఎర్ర కేబుల్ దిగిన బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్లది మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, దాని చివరి కొస దిగిన బ్యాటరీకి కాదు, ఆ బండి ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొస తగిలేటప్పుడే రవ్వ వస్తుంది, అది హైడ్రోజన్ ఉన్నచోట రాకూడదు. తీసేటప్పుడు ఇదే తిరగేసి. 24 వోల్టుల లారీ నుంచి ఎప్పుడూ తీసుకోవద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అది దిగినా బండి మేలుకోదు. మాన్యువల్‌లో చూపిన చోట తప్ప ఎక్కడా కలపొద్దు, ఎక్కువ వోల్టేజీ ఉండే నారింజ రంగు కేబుళ్లను ముట్టుకోవద్దు.

ఎక్కువ రోజులు వదిలి వెళ్లే ముందు

మూడు వారాలకు మించి బండి కదలదంటే నిండుగా ఛార్జి చేసి నెగెటివ్ విప్పడం, లేదా తనంతట తాను ఆగి మొదలయ్యే మెయింటెయినర్ తగిలించి ఉంచడం మంచిది. అప్పుడప్పుడు ఎవరితోనో అయిదు నిమిషాలు స్టార్ట్ చేయించడం వల్ల దిగేదే ఎక్కువ.

విప్పే ముందు రేడియోకు కోడ్ అడుగుతుందేమో మాన్యువల్ చూసుకోండి. రిమోట్ లోపలి మామూలు తాళంతో డ్రైవర్ తలుపు తెరుచుకుంటోందో లేదో ఒకసారి తిప్పి చూడండి, ఏళ్లుగా తిప్పక బిగుసుకుపోయి ఉండొచ్చు. డిక్కీ బటన్‌తో మాత్రమే తెరుచుకునేదైతే, బ్యాటరీ కూడా డిక్కీలోనే ఉంటే, విప్పాక దాన్ని మూసేయొద్దు. మూస్తే బ్యాటరీని చేరడానికి దారి ఉండదు. తిరిగొచ్చాక స్టార్ట్ చెయ్యకముందే వోల్టేజీ చూడండి. 12.4 కంటే తక్కువుంటే ముందు ఛార్జర్ పెట్టండి. నెగెటివ్ బిగించాక పవర్ విండోలు ఒక్కసారి పూర్తిగా దించి ఎత్తి, స్విచ్‌ను కొన్ని క్షణాలు పట్టి ఉంచితే చాలా కార్లలో ఒక్క నొక్కుతో అద్దం పూర్తిగా కదిలే ఆటో సౌకర్యం మళ్లీ పనిచేస్తుంది.