ఆకు కషాయం కలిపినా చువ్వ తుప్పు పడుతోందా? ముందు సిమెంట్ ముద్ద చూడండి

వేప, జామ, నేరేడు, తంగేడు... ఏదో ఒక ఆకు కషాయం కాంక్రీటులో కలిపి లోపలి స్టీలును తుప్పు నుంచి కాపాడాలన్న ఆలోచన నాకు ఇష్టమే. ఆకుల్లోని టానిన్లు, పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు ఇనుము మీద పొరలా అంటుకుంటాయి. తుప్పు ఆపడానికి ఇప్పుడు కాంక్రీటులో కలిపే కాల్షియం నైట్రైట్ విషపూరితం కాబట్టి ఈ దారి వెతకాల్సిందే. ప్రాజెక్టుల సీజన్‌లో హైదరాబాద్ శివార్లలోని ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం వైపు కాలేజీల పిల్లలు మా ల్యాబ్‌కు తెచ్చే బీముల్లో సగానికి పైగా ఇవే ఉంటాయి. ఏటా అదే తప్పు, ఏటా అదే టెన్షన్. మిక్స్ డిజైన్, క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు) పోయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

మర్నాడు మోల్డ్ విప్పితే క్యూబు అంచులు రాలిపోతున్నాయి

సిమెంట్ పాతదనో, చలి ఎక్కువనో అనుకుంటారు. అసలు కారణం కషాయంలోని చక్కెర. ఆకును మరిగిస్తే టానిన్‌తో పాటు చక్కెరలు కూడా నీళ్లలోకి దిగుతాయి. సిమెంట్ బరువులో 0.05 శాతం చక్కెర చాలు, సెట్టింగ్, అంటే ముద్ద బిగుసుకోవడం, దాదాపు 4 గంటలు వెనక్కి పోతుంది. 50 కిలోల బస్తాకు అది 25 గ్రాములు, గుప్పెడు కూడా కాదు. 0.2 నుంచి 1 శాతం దాకా వెళ్తే అసలు గట్టిపడదనే చెప్పాలి. టానిన్లు కూడా సెట్టింగ్‌ను ఆలస్యం చేసేవే.

ఈ మాట చెప్పగానే వచ్చే ప్రశ్న: "సార్, పాత కట్టడాల సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవాళ్లు కదా?" కలిపేవాళ్లు. కానీ డంగు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని గట్టిపడుతుంది. సిమెంట్ నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది, చక్కెర అడ్డుకునేది సరిగ్గా ఆ చర్యనే. పైగా 1591 నాటి చార్మినార్ సున్నంలో కాపాడాల్సిన స్టీలు చువ్వలు లేవు. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు.

క్యూబులు పాసయ్యాయి, చువ్వ మాత్రం తుప్పు పట్టింది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. కొన్నేళ్ల కింద జామాకు కషాయంతో పోసిన బీములు వచ్చాయి. 28 రోజుల బలం మామూలు కాంక్రీటు కంటే కాస్త ఎక్కువే ఉంది. ఉప్పునీళ్లలో తడుపుతూ ఆరబెడుతూ కొన్ని నెలలు ఉంచి హాఫ్‌సెల్ రీడింగ్ (చువ్వలో తుప్పు అవకాశాన్ని వోల్టేజీతో అంచనా వేసే కొలత) తీస్తే, కషాయం కలిపినవే మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి కిందికి పోయాయి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో ఆ రీడింగ్ వస్తే తుప్పుకు 90 శాతానికి పైగా అవకాశం ఉందని లెక్క. నేను రెండు నెలలు ఇసుకలో ఉప్పు ఉందేమోనని వెతుకుతూ కూర్చున్నాను.

చివరికి బీమును పగలగొట్టాం. చువ్వ పైభాగం శుభ్రంగా ఉంది. తుప్పంతా కింది వైపే, ఒక గీతలా. చువ్వ కింద కాంక్రీటులో నున్నటి సందు, గోరు పట్టేంత.

జరిగింది ఇది. సెట్టింగ్ ఆలస్యమైతే కాంక్రీటు ఎక్కువసేపు మెత్తగా ఉంటుంది. ఆ సమయంలో కంకర, సిమెంట్ కిందికి దిగుతాయి, నీరు పైకి తేలుతుంది. అడ్డంగా పడుకున్న చువ్వ ఆ నీటిని కింద ఆపేస్తుంది. తర్వాత నీరు ఇంకిపోయి ఖాళీ మిగులుతుంది. కాంక్రీటు చువ్వను కాపాడేది దానికి అంటుకుని ఉండే క్షారం వల్లే, పీహెచ్ 12.5 పైన ఉండే ఆ తడి వల్లే. అంటుకోని చోట ఆ కాపలా లేదు, ఉప్పు నేరుగా అక్కడ కూర్చుంటుంది. మన ఎండాకాలంలో పోస్తే ఇంకో నష్టం కూడా: పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా దిగుతూనే ఉంటుంది, చువ్వ పొడవునా పైన పగులు వస్తుంది. ఇక నీళ్లకు దారి దొరికినట్టే.

అయినా ఎవరికీ అనుమానం రాదు, ఎందుకంటే క్యూబులో చువ్వ ఉండదు. పైగా ఆలస్యంగా సెట్ అయిన సిమెంట్ చాలాసార్లు తర్వాత బాగానే బలం పుంజుకుంటుంది. 28 రోజుల రిపోర్టు చూసి అందరూ నిశ్చింతగా ఉంటారు.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క పూట చాలు. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం అనుమానమున్న నీటితో చేసిన సిమెంట్ ముద్ద తొలి సెట్టింగ్ సమయానికీ, డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ముద్ద సమయానికీ తేడా 30 నిమిషాలు దాటకూడదు. కషాయమూ కలిపే నీళ్లే కదా. సెట్టింగ్ సమయం కొలిచే వికాట్ పరికరం సివిల్ ఉన్న ప్రతి కాలేజీలో ఉంటుంది, దయచేసి బీములు పోయకముందే వాడండి. రెండు ముద్దలూ 27 డిగ్రీల గదిలోనే చేయండి. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో చేస్తే వేడి సెట్టింగ్‌ను తొందరపెట్టి ఆలస్యాన్ని దాచేస్తుంది. చక్కెర కోసం బెనెడిక్ట్ పరీక్ష ఒక్కటే చేసి ఊరుకోకండి, సుక్రోజ్ (మామూలు పంచదార) అందులో కనిపించదు.

తేడా ఎక్కువ వస్తే ముందు మోతాదు తగ్గించండి. లీటరుకు ఇన్ని ఆకులు అని కాదు, 100 మి.లీ. కషాయాన్ని 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మిగిలిన పొడిని తూచి, సిమెంట్ బరువులో ఎంత శాతమో లెక్కేయండి. అప్పటికీ కుదరకపోతే ఎండుటాకును నీళ్లలో మరిగించకుండా, నీరు తక్కువగా ఉన్న ఇథనాల్‌లో నానబెట్టండి. సుక్రోజ్ అందులో పెద్దగా కరగదు, పాలీఫినాల్స్ కరుగుతాయి. ఆ ఇథనాల్‌ను మంట మీద కాదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి పూర్తిగా ఎగరగొట్టండి. ఆ తర్వాత మళ్లీ వికాట్ చూడాల్సిందే, టానిన్ ఇంకా ఉంటుంది కదా.

బీకరులో తుప్పు ఆగింది, కాంక్రీటులో ఆగలేదు

బీకరులో ఏం పోశారు? ఆమ్లమో, ఉత్త ఉప్పునీళ్లో అయితే ఆ ఫలితం కాంక్రీటుకు వర్తించదు. అంత క్షారంలో పాలీఫినాల్స్ చాలావరకు నల్లబడి చెడిపోతాయి. తేర్చిన సున్నపు నీళ్లలో ఉప్పు కలిపి మళ్లీ చేయండి.

బలం తగ్గింది

కషాయంలోని నీటిని కలిపే నీటి లెక్కలోంచి తీసేయలేదు. అంతే.

కషాయం పులిసిన వాసన

పారబోయండి. ఎండాకాలంలో రెండు రోజులు బయట ఉంచితే పులుస్తుంది. ఏ రోజుది ఆ రోజే.

బోరు నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటిందా అని ఒకసారి చూసుకోండి. వెల్డింగ్ కరెంటు, జింకు పూత తీగ లాంటి కారణాలు అరుదు, వాటి జోలికి చివర్లో వెళ్లండి.

కొందరు ఇంటివాళ్లు పెచ్చులూడుతున్న స్లాబు మీద వేపాకు కషాయం కొట్టొచ్చా అని అడుగుతారు. వద్దు. వదులైన పెచ్చులు తీయించి, క్షారం ఉంటే గులాబీ రంగు చూపే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లి చూడండి. గులాబీ రంగు రాని చోట కాంక్రీటు క్షారం కోల్పోయినట్టే. అక్కడ చువ్వ వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, మిగిలిన మందం కొలిచాకే మరమ్మతు మొదలుపెట్టాలి.