ఆపుకోలేని మూత్రం, ఇంట్లో చూసుకునేవాళ్ళకి – 4వ పాఠం: మాత్ర మొదలయ్యాక

పోయిన పాఠంలో మూడు రోజుల మూత్రం లెక్క రాయడం నేర్చుకున్నాం. గీతలున్న మగ్గులో పట్టి టైము, మి.లీ., బట్టలు తడిశాయా లేదా అని రాశారు కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. మాత్ర పనిచేస్తోందో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది.

మూత్రసంచి నిండేటప్పుడు దాని కండరం వదులుగా ఉండాలి. అలా ఉండేలా మెదడు అదుపు చేస్తుంది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), పక్షవాతం, వెన్నుపాము దెబ్బల్లో ఆ అదుపు తప్పి, సంచి నిండకముందే కండరం బిగుసుకుంటుంది. మనిషి మంచం దిగేలోపే పంచె తడిసిపోతుంది. అది బద్ధకం కాదు. ఇంట్లో పిల్లలతో సహా అందరికీ ఈ మాట చెప్పండి.

కండరాన్ని బిగించే సంకేతం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనానిది. ఆక్సిబ్యుటినిన్, టాల్టెరోడిన్, సోలిఫెనాసిన్ అనే మాత్రలు దాన్ని అడ్డుకుంటాయి. కానీ నోట్లో ఉమ్ము ఊరడానికి, పేగు కదలడానికి, మెదడులో జ్ఞాపకానికి కూడా ఆ రసాయనమే కావాలి. అందుకే నోరెండడం, మలబద్ధకం, చూపు మసకబారడం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో జరిగింది చెప్తాను. పార్కిన్సన్స్ ఉన్న నాన్నకి ఆక్సిబ్యుటినిన్ మొదలుపెట్టారు. వారంలో పంచెలు తడవడం తగ్గింది, మేం సంతోషించాం. ఇడ్లీ ముక్క నాలుకకి అతుక్కుపోతోందని ఆయన అంటే పట్టించుకోలేదు. నాలుగు రోజులు విరేచనం లేదు. ఒక రాత్రి లేచి కూర్చుని, "ఎడ్లని ఎవరు విప్పేశార్రా?" అని అడిగారు. ఎడ్లు అమ్మేసి పన్నెండేళ్ళయింది. జబ్బు ముదిరిందనుకుని అమ్మ ఏడ్చింది. డాక్టరుగారు మందుల చీటీ చూసి ఆ మాత్ర ఆపించారు. కొన్నాళ్ళకి నాన్న మళ్ళీ మామూలుగా మాట్లాడారు. ఆక్సిబ్యుటినిన్ మెదడులోకి చేరుతుంది, ముసలివాళ్ళలో మాట తడబాటు, తికమక తేవచ్చు. ఈ సంగతి ముందే తెలిసుంటే ఆ రాత్రి మాకు తప్పేది.

తర్వాత ఇచ్చింది మిరాబెగ్రాన్. దాని దారి వేరు, కండరాన్ని వదులుచేసే బీటా-3 గ్రాహకాల (సంకేతం అందుకునే చోట్ల) మీద పనిచేస్తుంది. నోరెండడం తక్కువ. అయితే బీపీ పెంచవచ్చు, కాబట్టి చూపిస్తూ ఉండాలి. 180/110 దాటి అదుపులో లేనివాళ్ళకి ఇవ్వరు. మింగలేకపోతున్నారని ఈ మాత్రని అరటిపండులో నలిపి పెట్టకండి. మందు నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన మాత్ర అది, నమలకుండా, విరవకుండా మింగాలి.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా? పోసుకున్నాక సంచిలో ఎంత మిగులుతోంది? రెండోది స్కాన్‌లో తెలుస్తుంది. ఎక్కువ మిగులుతున్నవాళ్ళకి మాత్రతో మూత్రం బిగిసిపోయే ప్రమాదం ఉంది. కంట్లో నీటికాసులు (గ్లాకోమా) ఉంటే అదీ చెప్పాలి.

మాత్ర ఫలితం తెలియడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది, వారానికే మానేయకండి. బరంపురం బస్సెక్కే ముందు రోజు నుంచి నీళ్ళు మాన్పించడం చాలా ఇళ్ళలో అలవాటు. దానితో మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రెచ్చగొడుతుంది, మలబద్ధకమూ పెరుగుతుంది. నీళ్ళు తాగించండి, బయల్దేరే ముందు ఒంటికి పంపండి, చేతిసంచిలో ఒక పంచె అదనంగా పెట్టండి.

పొత్తికడుపు ఉబ్బి నొప్పిగా ఉండి మూత్రం రాకపోతే, లేదా చుక్కలు చుక్కలుగా కారుతుంటే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: పాత లెక్క పక్కనే మాత్ర వేసుకున్నాక మరో మూడు రోజుల లెక్క. దాని కింద మూడు గళ్ళు: నోరు, విరేచనం, మాట తికమక. అంకెలు, మందు పేర్లు ఇంగ్లీషులో రాస్తే డాక్టరు ఒడియావారైనా ఇట్టే చదువుకుంటారు. మాత్రలతో కుదరనివాళ్ళకి సంచి కండరంలో వేసే బొటాక్స్ సూది గురించి 5వ పాఠంలో చూద్దాం.